ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ జీవితము – పరిశ్రమ యను మాటకు రెండర్థములు

పరిశ్రమ యను మాట మన భాషలో రెండు విధముల వాడబడుచున్నది. ఒకనికి వ్యాకరణమునందో సంగీతమునందో పరిశ్రమ కలదనినచో, అతడు దానిని బహుకాలము శ్రద్ధతో సాధించెనని యర్థము. ఒక పట్టణమున పరిశ్రమలు కలవనినచో, అచ్చట నూలుమిల్లులో పంచదార మిల్లులో ఉన్నవని యర్థము. మొదటిది మనుష్యుని యొడలికిని మనస్సునకును సంబంధించినది. రెండవది మూలధనమునకు, యంత్రమునకు, అంగడికి సంబంధించినది. వంగభాషలో ఈ రెంటికిని వేర్వేరు మాటలున్నవి. కర్మాగారములను వారు శిల్పమందురు, ఒడలు వంచి పనిచేయుటను మాత్రమే పరిశ్రమ మందురు. మనకు ఒక్క మాటయే రెంటికిని చాలినది.

మాట యొక్కటియైనను మనలో చదువుకొన్నవారు ఈ రెంటిని ఏనాడును ఒకచోట చేర్చి చూచినవారు కారు. మొదటి పరిశ్రమను గ్రంథములకు పరిమితము చేసికొని, రెండవదానిని షావుకార్లకును కూలివారికిని విడిచిపెట్టితిమి. ఈ రెండర్థములను ఒక్క జీవితమున కలుపుటకు పాటుపడిన మహనీయుని కథను మేమిచ్చట చెప్పబూనితిమి. ఆయన వంగదేశమున పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు. మాణిక్‌తలలోని మందుల కర్మాగారమును నిలిపినవాడు. చదువరులలో పెక్కుమందికి ఆయన నామధేయము పరిచితమే.

ప్రఫుల్లచంద్ర రాయ్‌గారు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన రారూలి గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నాడు జెస్సూరు జిల్లాలోనిది; పిమ్మట ఖుల్నా జిల్లాలో చేరినది; ఇప్పుడు బంగ్లాదేశమున ఉన్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్‌గారు భూస్వామి. పారసీకమును ఆంగ్లమును చదివినవారు, ఇంట గ్రంథాలయమును కూర్చుకొన్నవారు, స్వగ్రామమున పాఠశాల పెట్టినవారు. పాత కట్టుబాట్లయెడ ఆయనకు మోజు తక్కువ. బిడ్డల చదువు కొరకై 1870లో కుటుంబమును కలకత్తాకు తరలించిరి. బాలుడు హేర్ పాఠశాలలో చేరెను.

1874లో ఆ బాలునికి రక్తగ్రహణి పట్టెను. దాదాపు రెండేండ్లు పాఠశాల మానవలసి వచ్చెను. ఆ వ్యాధి కుదిరినను దాని శేషము జీవితాంతము ఆయనను విడువలేదు. జీర్ణశక్తి చెడెను, నిద్ర పట్టదయ్యెను, తూచినట్లు తినవలసి వచ్చెను. పరిశ్రమకు మారుపేరైన యీ మనుష్యుడు ఏనాడును బలిష్ఠుడు కాడు. పగటివేళ ఇన్ని గంటలు పని, ఇన్ని గంటలు నడక, రాత్రి ఇన్నింటికి పడక యని గీత గీసికొని యెనుబదిరెండేండ్లు గడిపిన దుర్బలదేహుడాయన. పనియనగా రాత్రింబవళ్లు ఒడలు హూనము చేసికొనుటయని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. ఆయన రాత్రులు చదువుట యెరుగడు. ఉన్న కొలది బలమును పొదుపుగా వాడుకొనుట యెరుగును.

వ్యాధితో ఇంటనున్న ఆ రెండేండ్లును ఆయనకు తండ్రిగారి గ్రంథాలయమే పాఠశాల యయ్యెను. మహాపురుషుల చరిత్రములను విడువక చదివెను. వానిలో అచ్చుపనివాడుగా బ్రదుకు మొదలిడి విద్యుచ్ఛాస్త్రమున పేరొందిన బెంజమిన్ ఫ్రాంక్లిను చరిత్రము ఆయనకు మిక్కిలి నచ్చెను. చేతులకు సిరా యంటించుకొని బండిమీద కాగితములను తోసికొనిపోయినవాడు రాజులసభలలో కూర్చుండిన కథ, జమీందారు బిడ్డ మనస్సున నాటుకొనుట చిత్రముగదా.

వ్యాధి కొంత నెమ్మదించిన పిమ్మట కేశవచంద్ర సేనుగారు స్థాపించిన ఆల్బర్టు పాఠశాలలో చేరెను. అచ్చటి యుపాధ్యాయులలో బ్రాహ్మసమాజమువారు పెక్కురుండిరి. ఆ సహవాసమున ఆయన ఆ సమాజమువైపు మొగ్గెను. తరువాత సాధారణ బ్రాహ్మసమాజమున చేరి కడవరకు దానిలోనే యుండెను. పిమ్మట విద్యాసాగరులవారి మెట్రోపాలిటన్ కళాశాలలో చదువుచు, ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి పెడ్లరుగారి రసాయన శాస్త్రోపన్యాసములు వినుచుండెను. సాహిత్యమున ప్రీతిగల యువకుడు గాజుగొట్టములకు లోబడినది అచ్చటనే. 1882లో గిల్‌క్రిస్టు విద్యార్థివేతనమును గెలిచి స్కాట్లండునకు పోయెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున క్రమ్ బ్రౌన్ ఆచార్యునికడ చదివి 1887లో డాక్టరు పట్టము నొందెను. 1888లో స్వదేశమునకు మరలెను.

ఆ మరలివచ్చిన పట్టభద్రునికి సుమారు ఒక సంవత్సరము పని దొరకలేదు. తండ్రిగారి యాస్తి యప్పులపాలై తరిగిపోవుచుండెను. మిత్రుడగు జగదీశచంద్ర వసుగారి యింట ఆయన కాలము గడపెను. తుదకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముతో సహాయాచార్య పదవి లభించెను. అదే చదువు చదివిన ఆంగ్లేయునికి ఉన్నత శ్రేణియు హెచ్చు జీతమును దొరకుచుండెను. ఈ భేదమును గూర్చి విద్యాశాఖాధికారితో మొరపెట్టుకొనగా, జీవనమునకు ఇతర మార్గములు లేవా, ఈ పదవినే స్వీకరింపుమని యెవరు బలవంతపెట్టిరను భావముగల ప్రత్యుత్తరము వచ్చెనట. అధికారి ఎత్తిపొడుపుగా ననిన మాట నిజమేయని ఆ యువకునికి తోచియుండవచ్చునని మేమూహించుచున్నాము. ఏలయనగా మూడేండ్లు తిరుగకముందే ఆయన ఆ ఇతర మార్గమునకు పూనుకొనెను. కళాశాలలోని కొలువును మాత్రము విడువలేదు.

ఆనాటి వంగదేశపు స్థితి ఎట్టిదో చదువరులకు తెలియనిది కాదు. మన సర్కారు జిల్లాలలోను అంతకు భిన్నముగా లేదు. కళాశాలలనుండి వెలువడు యువకులలో ప్రతివాడును వకీలో గుమాస్తాయో కావలెనని కోరువాడు. ఇంకొకవైపున వైద్యశాలలకు కావలసిన మందులు, అద్దకమునకును చాకలిపనికిని కావలసిన క్షారములు, ఆమ్లములు సీమనుండి ఓడలపై దిగుచుండెను. ముడిసరకు ఈ దేశముది, మేధ ఈ దేశముది, అంగడియు ఈ దేశముదే. ఈ మూటిని కూర్చు చేయి మాత్రము లేదు. ఈ కొరతను ఆయన ఉపన్యాసములతో పూరింపజూడలేదు. 91వ నెంబరు అప్పర్ సర్క్యులర్ రోడ్డులో తాను అద్దెకుండిన ఇంటనే 1892లో మందుల తయారీకి మొదలిడెను. పేరు బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మస్యూటికల్ వర్క్సు. పెట్టుబడి జీతమునుండి మిగిల్చిన సుమారు 700 రూపాయలు.

మొట్టమొదట నిమ్మరసమునుండి నిమ్మ ఆమ్లము తీయజూచెను. నిమ్మపండ్లు కావలసినంత చౌకగా దొరకక ఆ పని గిట్టుబాటు కాలేదు. పిదప సోడా ఫాస్ఫేటునకు పూనుకొనెను. దానికి మూలము ఎముకలు. ఎముకలను కాల్చినచో తెల్లని భస్మము మిగులును. అది చాలవరకు కాల్షియం ఫాస్ఫేటు. దానిని గంధకామ్లముతో కలిపి, వచ్చిన ద్రవమును సోడాతో చేర్చి వడియగట్టి ఇగిర్చినచో స్ఫటికములు వచ్చును. పుస్తకమున ఇది నాలుగు పంక్తుల పని. కలకత్తాలో ఇది ఏమయ్యెనో వినుడు.

రాజాబజారు కసాయివారియొద్ద కొన్ని బస్తాల పచ్చి ఎముకలు కొని ఆచార్యులు తన మేడమీద నెండబెట్టించిరి. అది శీతకాలము, వానలు పడని ఋతువు. ఆ యేడు విధివశమున వరుసగా పదిదినములకు పైగా వాన పట్టెను. ఎముకలకు అంటియున్న మాంసము క్రుళ్లెను, పురుగులు పట్టెను. కాకులు గుంపులుగా వచ్చి ముక్కలను ముక్కున కరచుకొని ఇరుగుపొరుగు ఇండ్లపై జారవిడువజొచ్చెను. ఆ యిరుగుపొరుగువారు సదాచారపరులగు హిందువులు. వారి వంటయిండ్లయందును తులసికోటల చెంతను గొడ్డెముకలు రాలినప్పుడు వారికెట్లుండునో మేము వర్ణింపనక్కరలేదు. పురపాలక సంఘమునకు ఫిర్యాదు చేయుదుమని వారు కేకలు వేసిరి. వారిని నిందించుటకు మాకు నోరురాదు. కంపు కొట్టినమాట నిజము.

మాణిక్‌తలలో కొంత స్థలముగల పరిచితుడొకడు ఆదుకొనెను. రాతిరివేళ ఎముకల నచ్చటికి చేర్చి బట్టీ పేర్చి నిప్పంటించిరి. నడిరేయి మంటయు దుర్గంధమును కాంచి, గస్తీ తిరుగు పోలీసువాడు ఎవరినో చంపి శవమును గుట్టుగా దహించుచున్నారని తలచి పరుగెత్తి వచ్చెను. అందున్నవి మనుష్యుని ఎముకలు కావని అతనిని నమ్మించిన పిదపగాని ఆ రాత్రి గండము గడువలేదు. తెల్లవారుసరికి భస్మము చేతికి వచ్చెను.

తరువాతికాలమున ఆచార్యులు తరగతిలో విద్యార్థులయెదుట ఎముకల భస్మమును చిటికెడు నోట వేసికొని చూపెడివారని చెప్పుకొందురు. కాలి శుద్ధియైన పిమ్మట అది ఆవుదో గేదెదో యను విచారము రసాయన శాస్త్రమునకు లేదనుట ఆయన యుద్దేశము. నూరు సంస్కారోపన్యాసములు చేయని పనిని ఆ చిటికెడు బూడిద చేసియుండును.

ఆయన దినచర్య ఆ యేండ్లలో ఇట్లుండెను. ఉదయము చదువును వ్రాతయును; పగలు కళాశాలలో బోధనయు పరిశోధనయు; సాయంకాలము ఇంటికి వచ్చి బట్టలు మార్చుకొని కాగులకడ నిలుచుండుట. ద్రవములను కలియబెట్టుట, వడియగట్టుట, సీసాలలో పోయుట, చీటీలంటించుట, లెక్క వ్రాయుట – ఇవన్నియు ఆయన స్వయముగా చేసినవే. ఇట్టి పని తనకు కళాశాలపనినుండి విశ్రాంతివలె నుండెనని ఆయన తరువాత వ్రాసికొనిరి.

సరకు తయారైనను కొనువారేరి? మందుల వర్తకులు సీమ పేరులేని సీసాను అలమారులో నిలుపుటకు సమ్మతింపరైరి. ఈ చిక్కును తీర్చినవాడు ఆయన సహాధ్యాయి, వైద్యుడగు అమూల్యచరణ వసు. ఆయన భాగస్వామియై చేరి తోడి వైద్యుల ఇండ్లకు తిరిగి స్వదేశపు మందులను వ్రాయుడని వారిని ఒప్పించెను. రాధాగోవింద కర్, నీలరతన సర్కారు మున్నగు ప్రసిద్ధ వైద్యులు వానిని వ్రాయజొచ్చిరి. అమూల్యచరణుని ప్రోద్బలముననే మన మూలికలను ఆధునిక పద్ధతిని మందులుగా చేయుట మొదలయ్యెను. వామునీరు, అడ్డసరపు పానకము, నేలవేము సారము, కొడిశపాల సారము సీసాలలోనికెక్కెను. మన అమ్మమ్మలు మూకుళ్లలో కాచిన కషాయములు తూకముతోను కొలతతోను పరిశుభ్రతతోను తయారైనచో వైద్యశాలకు తగియుండునని తేలెను.

ఇచ్చట మేమొక దుఃఖవార్తను దాటిపోజాలము. అమూల్యచరణుని బంధువగు సతీశచంద్ర సింహ యను యువకుడు, రసాయన శాస్త్రమున పట్టభద్రుడు, వకీలు కావలసినవాడు, ఆ మార్గమును విడిచి ఆచార్యునితో చేరెను. పట్టము గడించి కాగుచెంత నిలువ సమ్మతించిన తొలి యువకుడాతడే యనవచ్చును. అచిరకాలముననే ప్రమాదవశమున ప్రూసికామ్లపు విషము సోకి అతడు మరణించెను. 1898లో కలకత్తాలో మహామారి వ్యాపించినప్పుడు రోగులకు చికిత్స చేయుచు అమూల్యచరణుడును ఆ వ్యాధికే బలియయ్యెను. ఆరేండ్ల వ్యవధిలో ఇరువురు సహచరులు పోయిరి. కర్మాగారముల చరిత్రలు వ్రాయువారు మూలధనమును, లాభమును, యంత్రముల వెలను లెక్కవేయుదురు; ఈ పద్దులను వ్రాయుటకు వారి పుస్తకమున చోటుండదు. ఆచార్యులు మాత్రము వృద్ధాప్యమున తన చరిత్రను వ్రాసికొనుచు ఈ ఇరువురిని గూర్చి వ్రాయ మరువలేదు. వారు పోయిన పిమ్మట ఒంటరిగానైనను పని ఆపలేదు.

1901లో ఆ సంస్థ లిమిటెడ్ కంపెనీ యయ్యెను. రాజశేఖర వసుగారు దాని నిర్వాహకులైరి. పరశురాముడను కలంపేరుతో హాస్యకథలు వ్రాసి వంగసాహిత్యమున మిక్కిలి ప్రసిద్ధికెక్కినవారు వీరే. పగలు ఆమ్లముల లెక్క, రాత్రి హాస్యము. మాణిక్‌తలలో పెద్ద కర్మాగారము కట్టబడెను. 1905నాటి స్వదేశీ యుద్యమము దాని సరకునకు గిరాకీ తెచ్చెను. అచ్చట గంధకామ్లము తయారగుట ముఖ్యమైన సంగతి. ఎరువులు, మందులు, రంగులు, ఇతర ఆమ్లములు – వీనిలో పెక్కింటికి మొదట గంధకామ్లము కావలెను. అది బరువైనది, అపాయకరమైనది, ఓడలవారు హెచ్చు కేవు పుచ్చుకొనునట్టిది. ఒక దేశపు కర్మాగారముల స్థితిని తెలిసికొనుటకు అచ్చట తయారగు గంధకామ్లమును కొలిచిన చాలునని శాస్త్రజ్ఞులు చెప్పెడి వాడుక కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సీమసరకు రాక నిలిచినప్పుడు మాణిక్‌తల కర్మాగారముయొక్క విలువ ప్రభుత్వమునకును తెలిసెను. 1920లో పానీహాటిలో రెండవ కర్మాగారము వెలసెను.

ఈ నడుమ ఆయన శాస్త్రపరిశోధన ఆగినదని తలపరాదు. 1896లో పాదరసమునుండి మెర్క్యురస్ నైట్రైటు అను నూతన పదార్థమును తయారుచేసిన వార్తను ప్రకటించి విదేశములందును పేరొందెను. అయితే మా యుద్దేశమున ఆయన రచనలలో ఎల్లకాలమును నిలుచునది మరియొకటి. ఫ్రెంచి పండితుడగు బెర్తెలోగారి ప్రోత్సాహమున ఆయన పాత సంస్కృత వ్రాతప్రతులను వెదకి, రసార్ణవము మొదలగు తంత్రములను శోధించి, హిందూ రసాయన శాస్త్ర చరిత్రమును రెండు సంపుటములుగా ప్రకటించిరి. మొదటిది 1902లోను రెండవది 1909లోను వెలువడెను. పూర్వులు పాదరసమును, తుత్తమును, తగరమును ఎట్లు శోధించిరో, ఏ యంత్రములు వాడిరో అందు సోదాహరణముగా కలదు. పూర్వుల గొప్పతనమును చాటిన గ్రంథమని మనవారు దానిని కొనియాడిరి. కొనియాడినవారిలో ఎందరు శాస్త్రక్షీణతను గూర్చిన అధ్యాయము వరకు చదివిరో మేమెరుగము.

ఆ యధ్యాయమున ఆయన వేసికొనిన ప్రశ్న యిది. ఇంత యెరిగిన దేశము పిమ్మట ఏల ఆగిపోయెను? ఆయన చెప్పిన ప్రధాన కారణము వర్ణభేదము. సుశ్రుతుని కాలమున వైద్యవిద్యార్థి శవమును కోసి చూడవలెనను నియమముండెను. తరువాత శవస్పర్శ అశౌచమైనది. శస్త్రము వైద్యుని చేతినుండి జారి మంగలి చేతికి పోయినది. లోహము కరగించుట, అద్దకము, తోలుపని, నేత అన్నియు కులవృత్తులై తక్కువవారని పిలువబడినవారి పాలయ్యెను. చేతితో పనిచేయువానికి ఏల, ఎట్లు అను ప్రశ్న నేర్పు చదువు లేకపోయెను. ప్రశ్నింప నేర్చినవానికి చేతిపని నిషిద్ధమయ్యెను. చేయి యొకచోట, తల యొకచోట నుండగా ప్రయోగశాస్త్రము పుట్టదు. బాయిలును న్యూటనును ఆ నేలపై జన్మింపజాలరని ఆయన తీర్పు. జగత్తు మిథ్యయను వేదాంతబోధయు ప్రకృతిపరిశోధనయందు ఉపేక్షను కలిగించెనని దానికి తోడు చేర్చిరి.

ఈ తీర్పును తరువాతి చరిత్రకారులందరును ఒప్పుకొనలేదు. రాజ్యముల పతనము, వర్తకమార్గముల మార్పు, కంపెనీ ప్రభుత్వపు పన్నులు మొదలగు ఇతర కారణములను వారు చూపిరి. వేదాంతమును గూర్చిన మాట మాకును అంతగా నచ్చలేదు. వేదాంతుల కాలముననే దేవాలయములు కట్టిన శిల్పులు కొలతలయందు తప్పలేదుగదా. అయినను చేయి తల వేరైనదను మాటను మేము తోసివేయజాలము. నేటికిని మన యిండ్లలో చదువుకొన్న పిల్లవాడు సుత్తి పట్టినచో తల్లి నొచ్చుకొనుచున్నది. ఎముకల బస్తాలను మేడకెత్తించిన మనుష్యుడే ఈ యధ్యాయమును వ్రాసెనని జ్ఞప్తియందుంచుకొని చదివినచో దాని బలము వేరుగ నుండును. తీర్పు వ్రాయుటకు పది సంవత్సరములు ముందుగనే ఆయన దానికి తన మేడమీద పరిహారము మొదలుపెట్టెను.

1922లో రసాయన పరిశోధనకు కలకత్తా విశ్వవిద్యాలయమున నాగార్జున బహుమానము ఏర్పరచుటకై ఆయన 10,000 రూపాయలిచ్చిరి. నాగార్జునుడనగానే మన యాంధ్రులకు కృష్ణాతీరపు కొండ జ్ఞప్తికి వచ్చును. మాధ్యమిక దర్శనకర్తయగు నాగార్జునుడును రససిద్ధుడగు నాగార్జునుడును వేర్వేరు కాలములవారని పండితులలో పెక్కుమంది యభిప్రాయము. పేరు మాత్రము మనకు ప్రియమైనది.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలను విడిచి విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో పాలిత్ ఆచార్య పదవి నందిరి. ఆ భవనముననే ఒక గది యాయన నివాసము. ఆయన వివాహమాడలేదు. శిష్యులే కుటుంబము. జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ, నీలరతన ధర్, మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ వసు ఆయనకడ చదివినవారు. సాహా ఢాకా ప్రాంతమున చిల్లరకొట్టు నడుపుకొనువాని కుమారుడు. అగ్రవర్ణముగా ఎంచబడని కులమువాడు. అట్టివాడు జగత్ప్రసిద్ధుడగు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైనది ఆచార్యులు తమ గ్రంథమున చెప్పినదానికి మరియొక నిదర్శనము. 1919లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమిచ్చెను. 1921లో అరువదియేండ్లు నిండగా, నాటినుండి తన జీతమును విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టిరి. కంపెనీ వాటాల రాబడియు స్వగ్రామపు పాఠశాల మొదలగు ధర్మకార్యములకే పోయెను.

1921లో ఖుల్నా కరవునందును, 1922లో ఉత్తరవంగపు వరదలయందును సహాయసంఘములకు ఆయనే నాయకులైరి. విజ్ఞాన కళాశాల గదులు బియ్యపుబస్తాలతోను కంబళ్లతోను నిండెను. ఆ గ్రామములు తిరిగిన పిమ్మట ఆయన రాట్నమును చేపట్టిరి. ఇది పెక్కుమందికి వింతగా తోచెను. ఆవిరియంత్రములు పెట్టి ఆమ్లములు చేయువాడు నూలు వడుకుమని బోధించుటేమి? మేమును ఈ ప్రశ్నను వేసికొంటిమి. ఆయన సమాధానము లెక్కపై నిలిచినది. వంగదేశపు రైతు ఏటిలో కొన్ని నెలలు పనిలేక కూర్చుండును. అతనికి ఆ నెలలలో మిల్లు పని చూపదు. మిల్లు కొలదిమందికే చాలును. ఇంట రాట్నము తిరిగినచో కొద్దియో గొప్పయో రాబడి వచ్చును. ఒక చోట ఆమ్లపు గదులు, వేరొకచోట రాట్నము. రెండును ఊరకున్న చేతికి పని యిచ్చుటకే. ఈ సమాధానము పూర్తిగా తృప్తికరమని మేమనము. రాట్నపు రాబడి ఎంత స్వల్పమో చేసినవారికి తెలియును. అయినను కరవున బియ్యము పంచినవాడు చెప్పిన మాటను గదిలో కూర్చుండి త్రోసివేయుటకు మాకు ధైర్యము చాలదు.

ఆయన బోధలో మాకు రుచింపని భాగమొకటి కలదు. వంగయువకులు సోమరులనియు, మార్వాడీలు మున్నగువారు బయటినుండి వచ్చి వర్తకమంతయు లాగికొనుచున్నారనియు ఆయన తరచుగా వ్రాసెడివారు. తనవారిని మేల్కొలుపుటకే యట్లు వ్రాసిరనుట నిజము. కాని ఒక జాతియంతయు సోమరియనియు వేరొక జాతియంతయు కష్టజీవియనియు చెప్పుట శాస్త్రజ్ఞునికి తగిన తూకము కాదు. సతీశచంద్రుని వంటివాని మరణమును కనులార చూచినవాడు తనజాతిపై అంత కఠినముగా తీర్పు చెప్పుట ఆశ్చర్యము. పెట్టుబడి దొరకమి, ప్రభుత్వపు ఉపేక్ష, సీమసరకు పోటీ ఇవియన్నియు ఆయనకు తెలియనివి కావు. ఆయన కంపెనీయే వానితో పోరాడినది.

ఆయన యాశించినదంతయు నెరవేరెనా యని యడిగినచో లేదనవలెను. పట్టభద్రులు కొలువులకు పోవుట మానలేదు. కంపెనీ పెరిగినకొలది దానిని నడుపువారితో ఆయనకు అభిప్రాయభేదములు కలిగెను. సంస్థలు స్థాపకుని దాటిపోవుట సహజమే. స్వాతంత్ర్యము వచ్చిన కొన్ని దశాబ్దములకు కంపెనీ నష్టముల పాలయ్యెను. 1977లో కేంద్రప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టి, 1980లో దానిని జాతీయము చేసెను. సుమారు 700 రూపాయలతో మొదలైన యింటిపని ప్రభుత్వ సంస్థయై నిలిచినది.

ఆచార్యులు 1936లో పదవినుండి విరమించిరి. గదిని మాత్రము విడువలేదు. అందొక మంచము, చిన్న బల్ల, పుస్తకముల బీరువాలు. దిక్కులేని విద్యార్థులకు ఆ గదియందును ఆయన భోజనమునందును పాలుండెడిది. సాయంకాలము మైదానమునకు పోయి ఒకేచోట కూర్చుండి మిత్రులతో మాటలాడి, నియమిత సమయమునకు మరలి వచ్చెడివారు. 1943నాటి ఘోరక్షామమున వంగదేశమున లక్షలకొలది జనులు చచ్చుచుండగా ఆయన మంచము పట్టియుండిరి. రెండు దశాబ్దములకు పూర్వము బియ్యపుబస్తాలు మోయించిన ఆ గదులకు ఈమారు ఆయన దిగిపోలేదు. 1944వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఆ గదియందే, శిష్యులు చుట్టునుండగా, ఆయన కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు ఎనుబదిరెండేండ్లు.